సన్ననూలు – సౌందర్యానుభూతి

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నఖద్దరునకు ప్రసిద్ధి గాంచినది. ఆ వస్త్రమును చేతబట్టినవారు మొదట దాని అందమునే మెచ్చుకొందురు. అయితే ఆ అందమెక్కడ నున్నది? నూలులోనా, చూచు కంటిలోనా, కంటి వెనుకనున్న మనస్సులోనా? తత్త్వవేత్తలు శతాబ్దులుగా ఇట్టి ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారు. ఇటీవల మెదడును పరిశోధించు శాస్త్రజ్ఞులును ఈ విచారమున పాల్గొనిరి.

ముందుగా వస్త్రమును చూతము. కొండపత్తిని వాలుగచేప దవడ ఎముకకుగల సన్నని పండ్లతో దువ్వి, నలుసులు తొలగించి, నారలను చక్కజేయుదురు. పిదప గింజలు వేరుచేసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, అవి మాయకుండ అరటిదొప్పలలో నుంచుదురు. తరువాత 24 ఆకుల రాట్నముపై వడుకుదురు. ఈ పనిచేయువారిలో స్త్రీలే హెచ్చు. ఇచ్చటి నూలు నూరవ నెంబరు వరకు సాగును. నూరవ నెంబరనగా 840 గజముల చిలపలు నూరు కలిసి ఒక్క పౌను మాత్రమే తూగవలెను. లెక్కవేసినచో ఒక పౌను దూది 84,000 గజముల, అనగా ఇంచుమించు 77 కిలోమీటర్ల దారమగుచున్నది!

ఈ వస్త్రము మెత్తగా నున్నది కనుక అందముగా నున్నదనవచ్చునా? కూడదనును జర్మను తత్త్వవేత్త కాంటు. 1790లో వెలువడిన తన గ్రంథమున అతడు ఇంద్రియములకు హాయినిచ్చుట వేరు, సుందరమగుట వేరని వివరించెను. సౌందర్యమును నిర్ణయించువానికి ఆ వస్తువుపై స్వార్థాపేక్ష ఉండరాదని అతని మతము. అంతకు శతాబ్దమునకు పూర్వమే మన తెలుగువాడగు జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున ఇట్టి భేదమునే చూపెను. కొడుకు పుట్టెనని విన్నను, ధనమిచ్చెదనని విన్నను సంతోషము కలుగును. కాని అది కావ్యానందము కాదు. రమణీయమైన అర్థమును మరల మరల భావించుటవలన కలుగు లోకోత్తరాహ్లాదము వేరని అతని సిద్ధాంతము.

శాస్త్రజ్ఞులేమి కనుగొనిరి? లండనులో హిదియాకి కవబాతా, సెమీర్ జెకీ అను పరిశోధకులు కొందరికి చిత్రములను చూపుచు, వారి మెదడులోని రక్తప్రసారపు మార్పులను యంత్రముచే గుర్తించిరి. ఎవరికివారు సుందరమని ఎంచిన చిత్రమును చూచినప్పుడు కనుగుంటలకు పైగా, నుదుటి వెనుకనున్న భాగము హెచ్చుగా స్పందించెను. ఈ ఫలితములు 2004లో వెలువడినవి. అయితే రుచిగల ఆహారమునకును, ధనలాభమునకును గూడ ఆ భాగమే స్పందించును. కావున పండితరాయలు చూపిన భేదమును మెదడులోని ఆ చోటొక్కటియే తేల్చజాలదు.

2009లో ప్రకటితమైన మరియొక పరిశోధన మిక్కిలి ఆలోచింపదగినది. ఒకే తీరు చిత్రములలో కొన్నిటిని చిత్రశాలనుండి వచ్చినవనియు, కొన్నిటిని కంప్యూటరు కల్పించినవనియు చెప్పి చూపిరి. చిత్రశాలవన్న వాటినే చూపరులు హెచ్చుగా మెచ్చిరి. మెదడులోని ఆ భాగమును అందుకు తగినట్లే స్పందించెను. అనగా చూచు వస్తువును గూర్చి మనకు తెలిసినది, లేక తెలిసినదని మనము నమ్మినది, చూపులో కలిసిపోవుచున్నది.

ఇందులో ఒక మేలును, ఒక ప్రమాదమును గలవు. మరనూలు బట్టకు పొందూరు పేరు తగిలించినను, నమ్మి కొన్నవానికి కొంత ఆనందము కలుగకపోదు. నష్టపోవునది వడికిన చేయి! ఉత్త పేరువలన కలుగు మెప్పునకును, పని ఎరిగినందువలన కలుగు మెప్పునకును గల దూరమిదియే. మొదటిది మోసపోవచ్చును, రెండవది నూలును పరీక్షించి చూడగలదు.

ఆ చూపు పుట్టుకతో రాదు, అభ్యాసముచే వచ్చును. పండితరాయలు చెప్పిన మరల మరల భావించుట కావ్యమునకే కాదు, వస్త్రమునకును వర్తించును. తరగతిలో ఉపాధ్యాయుడు విద్యార్థి చేతికి ఒక ఏకునిచ్చి, తెగకుండ మూరెడు దారము తీయుమనినచో చాలును. దారము పలుమారులు తెగును. అటుపిమ్మట ఆ విద్యార్థి పొందూరు పంచెను చూచు చూపే వేరుగా నుండును.