నిలబడటం నేర్చే గుర్రాలు

తెల్లవారుజామున నాలుగున్నరకి మొయినాబాద్ దారిలో టీ కొట్టు కూడా తెరిచి ఉండదు. గుర్రపుశాలలో మాత్రం అప్పటికే సందడి. గుర్రాల్ని చూసుకునే సైసు లైటు వేయగానే ఏడు తలలు తలుపుల మీంచి బయటికొస్తాయి. ఒకటి సకిలిస్తుంది, ఇంకొకటి డెక్కతో చెక్కను టకటకా కొడుతుంది. సైసు ముందు చూసేది దాణా తొట్టిని కాదు, నేలని. రాత్రంతా లద్దె వేసిందా, ఎంత వేసింది, ఎలా ఉంది? లద్దె తగ్గినా, గట్టిపడినా ఆ పూట ఆ గుర్రం మీద జీను పడదు.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరిసరాల్లోని 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు రాకుండా 1996లో జీవో 111 ఇచ్చారు. అది నీళ్ల కోసం తెచ్చిన ఉత్తర్వు. దాని చలవ గుర్రాలకూ దక్కింది. మామిడి తోటల మధ్య, ఫాంహౌసుల వెనక ఇంత ఖాళీ నేల మిగలబట్టే స్వారీ నేర్పే శాలలు ఇటువైపు ఊపిరి పీల్చుకున్నాయి. నేను నాలుగైదు వారాలుగా వచ్చిపోతున్న ఈ శాల కూడా అలాంటిదే. రేకుల కప్పు, ఇసుక పరిచిన చిన్న మైదానం, గట్టున రెండు వేపచెట్లు.

ఏడింటిలో రెండు మార్వాడీలు. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి కాబట్టి దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఒకటి పిల్లల కోసం పెంచుతున్న పొట్టి గుర్రం. మిగతా నాలుగూ థరోబ్రెడ్లు, పందేల్లో పరుగెత్తి వచ్చినవి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, 1886లో, మౌలాలి నుంచి మలక్‌పేటకి మారిన రేసుల మైదానం హైదరాబాద్ నగరానికి గుర్రాల మోజుని తరతరాలుగా నిలిపి ఉంచింది. కానీ పందెపు గుర్రం కొలువు చాలా చిన్నది. రెండు మూడేళ్లకే పరుగు మొదలు, ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి చాలావాటికి అయిపోతుంది. సరిగా చూసుకుంటే గుర్రం పాతికేళ్లు బతుకుతుంది. ఆ మిగిలిన బతుకు ఎక్కడ గడవాలన్నది ఎవరో ఒకరు పట్టించుకోవాల్సిన ప్రశ్న. ఇలాంటి శాలలే దానికి జవాబుగా నిలుస్తున్నాయి.

“ఉరుకుడు దానికి ఎవ్వరు నేర్పలె సార్. నిలబడుడే మనం నేర్పాలె,” అన్నాడు పెద్ద సైసు. అందరూ ఆయన్ని చాచా అంటారు.

ఆ మాట ఎంత నిజమో కొత్తగా వచ్చిన ఎర్రటి ఆడగుర్రాన్ని చూశాక అర్థమైంది. పందేల మైదానంలో గుర్రం నడుస్తుండగానే జాకీని ఎత్తి మీద కూర్చోబెడతారు. కాబట్టి మనిషి వీపు మీదికి వస్తే కదలాలనే దానికి తెలుసు. పగ్గం బిగిస్తే కళ్ళెం మీద ఒరిగి ఇంకా వేగం అందుకోవడమే తెలుసు. జాకీ మోకాళ్లు ముడిచి పైకి కూర్చుంటాడు గనుక, మనిషి కాళ్లు తన డొక్కలకి ఆనుకుని వేలాడతాయని అసలు తెలియదు. మనం ఆగమని పగ్గం లాగుతాం, పొమ్మన్నామనుకుంటుంది. దాన్ని మొండిదని కొట్టడం కంటే అన్యాయం ఉంటుందా?

అందుకే మొదటి నెలల్లో జీనే లేదు. దాణా మెల్లమెల్లగా తగ్గించి గడ్డి పెంచారు, పగలంతా దడి లోపల వదిలేశారు. తర్వాత పొడవాటి తాడు మీద వలయంగా తిప్పుతూ గొంతుకి అలవాటు చేశారు. “హో” అంటే ఆగాలి. ఆగితే మెడ నిమరడం, అంతే బహుమానం. కుడికి ఎంతసేపు తిప్పితే ఎడమకీ అంతసేపు. ఇప్పుడు ఎక్కడానికి వాడే చెక్కమెట్ల పక్కన నిలబెడుతున్నారు. చాచా మెట్టెక్కుతాడు, దిగుతాడు. జీను మీద అరచేత్తో తడతాడు, దిగుతాడు. ఇరవైసార్లు. ఎక్కడు. గుర్రం అడుగు కదిపితే తిట్టకుండా వెనక్కి తెచ్చి మళ్లీ మొదలు. పొద్దున్నే ఇరవై నిమిషాల పని ఇదే. చూసేవాళ్లకి ఏమీ జరగనట్టే ఉంటుంది.

మిగతా పనికి లెక్కలేదు. ఒక్కో గుర్రానికి నాలుగు డెక్కలు, పొద్దున ఒకసారి, స్వారీ అయ్యాక ఒకసారి. సైసు గుర్రం భుజానికి ఆనుకుని కాలి మీదుగా చెయ్యి కిందికి జారిస్తే అదే కాలు ఎత్తి ఇస్తుంది. వంకర ఇనుప కొక్కెంతో డెక్కలో ఇరుక్కున్న మట్టి, లద్దె గీకి తీస్తాడు. మధ్యలో ముక్కోణంగా ఉండే మెత్తటి భాగం దగ్గర నెమ్మదిస్తాడు, వంగి వాసన చూస్తాడు. వానాకాలం తడికి అక్కడ కుళ్లు పడుతుంది. కంటికి కనిపించకముందే ముక్కుకి తెలుస్తుంది. లాడాలు కొట్టే నాల్‌బంద్ ఆరు వారాలకోసారి వస్తాడు. గోరు పెరుగుతూనే ఉంటుంది మరి.

తిండి ఇంకో శాస్త్రం. అర టన్ను బరువుండే జంతువుకి జీర్ణాశయం మాత్రం చిన్నది. పైగా తిన్నా తినకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. రోజంతా కొంచెం కొంచెం గడ్డి మేయడానికే ఆ ఒళ్లు పుట్టింది. ఉలవలు, ఓట్లు, తవుడు ఆ గడ్డికి తోడు మాత్రమే, కొలిచి వేయాలి. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో ఏది తేడా చేసినా బయటికి తోవ లేదు, అందుకే గుర్రపుశాలలో కడుపునొప్పి అన్న మాటకి అంత భయం. నేనున్న ఒక రాత్రి మార్వాడీ ఒకటి పదేపదే తన డొక్కవైపు చూసుకుంటూ నేలని కాలితో గీకడం మొదలుపెట్టింది. చాచా దాని పక్కలకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. పేగులు గుడగుడలాడుతుంటే బతుకున్నట్టు, నిశ్శబ్దంగా ఉంటే ప్రమాదం. డాక్టరు వచ్చేదాకా ఇద్దరు సైసులు వంతులవారీగా దాన్ని నడిపించారు. సూది వేశాక తెల్లవారబోతుండగా లద్దె వేసింది. అది చూసి ఆ ఇద్దరి ముఖాలు వెలగడం నా కళ్లారా చూశాను.

గుర్రాలు చూసేవాళ్లకి మన గడ్డ మీద ఒకప్పుడు పెద్ద పేరే ఉండేది. కాకతీయుల కాలంలో అశ్వదళం చూసే అధికారిని సాహిణి అనేవారు. గణపతిదేవుడి కొలువులో గంగయ సాహిణి చరిత్రకెక్కాడు. మనుమంచి భట్టు తెలుగులో అశ్వశాస్త్రమే రాశాడు. ఇవాళ ఆ విద్యని చేతుల్లో పెట్టుకున్న సైసులు దాణా బస్తాల పక్కన మంచం వేసుకుని పడుకుంటున్నారు. స్వారీ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు గుర్రం పేరు అడుగుతారు, జాతి అడుగుతారు. సైసుని కూడా పేరు పెట్టి పిలిస్తే బాగుంటుందని నాకు గట్టిగా అనిపించింది.

ఎండాకాలంలో ఎనిమిదిన్నరకే స్వారీలు బంద్. చెమటతో పోయిన ఉప్పు మళ్లీ ఒంట్లోకి చేరాలని ప్రతి గదిలో ఉప్పు గడ్డ వేలాడదీస్తారు. మధ్యాహ్నం మాలీసు, నిద్ర. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. ఒక వెనక కాలు సడలించి, డెక్క కొన మాత్రం నేలకి ఆన్చిందంటే దాని మనసు నిమ్మళంగా ఉందని గుర్తు.

పోయిన ఆదివారం చాచా ఎర్రగుర్రాన్ని మెట్ల పక్కకి తెచ్చాడు. ఎప్పటిలాగే మెట్టెక్కాడు, తట్టాడు, దిగాడు. మళ్లీ ఎక్కి ఈసారి కాలు దాటించి మెల్లగా జీనులో కూర్చున్నాడు. గుర్రం చెవులు వెనక్కి తిరిగాయి, మెడ బిగుసుకుంది. పగ్గాలు వదులుగానే ఉన్నాయి. చాచా ఏమీ అనలేదు. కాసేపటికి గుర్రం పొడవుగా ఊపిరి వదిలి తల దించింది. కుడివైపు వెనక కాలు సడలించి డెక్క కొన ఇసుక మీద ఆన్చింది. దడి అవతల చిన్న సైసు దాణా బక్కెట్టు పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు. రెండు నిమిషాలయ్యాక చాచా దిగి, తంగు పట్టీ వదులు చేసి, దాన్ని గడ్డి దగ్గరికి నడిపించుకెళ్లాడు.