పుట్టుమచ్చలు - వాటిని తీయించుట

పదవ తరగతి పరీక్షలకు విద్యార్థుల వివరములు పంపు దినములలో ప్రతి ఉన్నత పాఠశాలలోను ఒక చిన్న తనిఖీ జరుగును. "పుట్టుమచ్చలు రెండు చూపించు" అని ఉపాధ్యాయుడు అడుగును. విద్యార్థి చొక్కా చేయి మడిచియో, మెడ త్రిప్పియో చూపించును. ఆ రెండు చుక్కలు ధ్రువపత్రముపై జీవితాంతము నిలిచిపోవును. అరికాలు చూపించుమని మాత్రము ఎవరును అడుగరు. వైద్యుడు మొదట చూడగోరు చోట్లలో అది యొకటి.

చర్మపు పైపొర అడుగున మెలనిన్ అను రంగు పదార్థమును తయారుచేయు కణములు కలవు. ఇవి సాధారణముగా ఎడమెడముగా ఉండి, పొరుగు కణములకు రంగును పంచిపెట్టుచుండును. ఒకచోట ఇట్టి కణములు గుంపుగా చేరినపుడు నల్లని లేక గోధుమరంగు మచ్చ ఏర్పడును. పేరు పుట్టుమచ్చయే గాని, పుట్టుకతో వచ్చునవి చాల తక్కువ. సుమారు నూరుగురు శిశువులలో ఒకరికి మాత్రమే పుట్టినపుడు ఇది కనబడును. తక్కినవన్నియు బాల్యములోను, యౌవనములోను పొడచూపును. వాటిలో అత్యధిక భాగము ఏ హానియు చేయవు. అదృష్టమును గూడ తేవు. ఆ లెక్క పంచాంగములది.

నల్లగా ఉబ్బినదెల్ల పుట్టుమచ్చ కాదు. పులిపిరులు ఒక విధమైన వైరస్ వలన కలుగును. ఒకరినుండి మరియొకరికి అంటుకొనును. ఈ భేదము తెలియక రెండింటికిని ఒకే నాటు వైద్యము చేయుట మన పల్లెలలో కలదు. సున్నమును చాకలి సోడాను కలిపి మచ్చపై పెట్టుదురు. రసాయనశాస్త్రము చదువు విద్యార్థి ఇచ్చట ఏమి జరుగునో ఊహింపగలడు: కాల్షియం హైడ్రాక్సైడు, సోడియం కార్బొనేటు కలిసి కాస్టిక్ సోడా తయారగును. అది చర్మమును కాల్చివేయును. బట్టలపై గుర్తు వేయు జీడిగింజ రసము గూడ ఇట్టిదే. దానివలన బొబ్బలెక్కి, కొందరికి ఒళ్లంతయు దద్దురులు లేచును. పైభాగము కాలిపోయినను లోపలి కణములు మిగిలియుండి మచ్చ మరల రావచ్చును. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి యున్నది. కాలిన మచ్చను పరీక్షించుటకు వీలుండదు.

పరీక్ష ఎందుకనగా, రంగు కణములు అదుపు తప్పి పెరిగినచో మెలనోమా అను పుట్టకురుపు ఏర్పడును. దీనిని 1804లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు లేనెక్. స్టెతస్కోపును కనిపెట్టినవాడును ఆయనయే. తెల్లజాతుల వారికి దీనికి ముఖ్య కారణము ఎండ. మన చర్మములోని మెలనిన్ గొడుగువలె కాపాడుటచేత భారతదేశములో ఈ వ్యాధి అరుదు. కాని వచ్చినపుడు అది తరచు ఎండ తగులని అరికాలిలోను, అరచేతిలోను, గోటి క్రిందను వచ్చును. మైపాడు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె మొదలగు నెల్లూరు తీరపు పాలెములలో ఉత్తకాళ్లతో ఇసుకలో వలలు లాగువారికి, రొయ్యల గుంటలలో దిగువారికి ముల్లు, గవ్వ, ఆల్చిప్ప గుచ్చుకొనుట నిత్యకృత్యము. అరికాలిలో నల్లని మచ్చ కనబడినచో "ముల్లు విరిగినది" అని సరిపెట్టుకొనుట సహజము. జమైకా గాయకుడు బాబ్ మార్లే విషయములోను ఇట్లే జరిగినది. కాలిబొటనవ్రేలి గోటి క్రింది మచ్చను ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకొనిరి. అది మెలనోమా అని 1977లో తెలిసినది. 1981లో, 36 ఏండ్ల వయస్సులో, ఆయన మరణించెను.

కావున ఏ మచ్చను చూపించుకొనవలెను? ఒక సగము రెండవ సగమును పోలనిది, అంచులు చెదరినది, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నది, 6 మిల్లీమీటర్లకు మించినది. అన్నిటికంటె ముఖ్యముగా కొన్ని నెలలలో మారుచున్నది, రక్తము కారుచున్నది, మానని పుండైనది. ముల్లు గుచ్చుకొన్న నలుపు కొన్ని వారములలో తగ్గును. తగ్గనిచో అది ముల్లు కాకపోవచ్చును.

తీయుట పెద్ద పని కాదు. లిగ్నోకెయిన్ అను మందును సూదితో ఎక్కించి ఆ చోటును మొద్దుబార్చుదురు. సూది పోటు తప్ప వేరు బాధ యుండదు. మచ్చ గుండ్రముగా నున్నను కోత మాత్రము ఆకు ఆకారములో, వెడల్పుకు మూడు రెట్లు పొడవుగా నుండును. గుండ్రముగా కోసి కుట్టినచో కొనలయందు చర్మము ముడుతపడి లేచును. తీసిన ముక్కను ఫార్మలిన్ ద్రవములో వేసి పరీక్షకు పంపుదురు. అచ్చట దానిని మైనములో పొదిగి, మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతుల మందముగల పొరలుగా కోసి, రంగువేసి సూక్ష్మదర్శినిలో చూతురు. వ్యాధి యున్నచో అది ఎంత లోతు దిగినదో మిల్లీమీటర్లలో కొలిచెదరు. రోగి భవిష్యత్తును ఈ లోతు చాలవరకు తెలుపునని 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో చూపెను. 1 మిల్లీమీటరు లోపున పట్టుబడినచో శస్త్రచికిత్సతోనే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బాగుపడుదురు. అనుమానము గల మచ్చను విద్యుత్ సూదితో గాని, లేజరుతో గాని కాల్చివేయరాదనుటకు కారణమిదే. పులిపిరులకు ఆ అడ్డు లేదు. వాటిని ద్రవ నైట్రోజనుతో గడ్డకట్టించి గూడ రాల్చుదురు.

అందము కొరకు తీయించుకొనువారు మరియొకటి తెలిసికొనవలెను. రొమ్ముపైన, భుజముపైన, చెవితమ్మెపైన మన చర్మములో కోత మచ్చ గట్టిపడి, ఉబ్బి, తీసిన మచ్చకంటె పెద్దది కావచ్చును.

ముఖముపై కుట్లు సుమారు వారములో విప్పుదురు. అరికాలికి రెండు వారములు పట్టును. అంతవరకు పాదము ఇసుకలోను, ఉప్పునీటిలోను పెట్టరాదు. రోజుకూలిపై బ్రతుకు ఇంటికి ఇది చిన్న మాట కాదు. తూర్పు తీరములో ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధింపబడును. ఆ పడవలపై పనిచేయువారు హాని లేని మచ్చను ఆ రోజులలో తీయించుకొనవచ్చును. మారుచున్న మచ్చకు మాత్రము అంతవరకు ఆగుట పనికిరాదు. నెల్లూరులో 2014 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల యున్నది.