పొయ్యి దగ్గర నిలబడేదెవరు?

ఆసియా వీధి వంటకాలకు ప్రపంచఖ్యాతి దక్కింది. ప్రభుత్వాలు వాటికి బిరుదులూ తెచ్చిపెట్టాయి. కానీ వండే చేతులు ముసలివైపోతున్నాయి, వాటి స్థానంలోకి కొత్త చేతులు రావడం లేదు.

వియత్నాం రాజధాని హనోయ్‌లో ఓ మామూలు హోటల్. మేడ మీద ఒక స్టీలు బల్ల, చవక ప్లాస్టిక్ స్టూళ్లు. 2016 మేలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా, టీవీ కార్యక్రమాలతో పేరుపొందిన షెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ ఆ స్టూళ్ల మీద ఎదురెదురుగా కూర్చుని బున్ చా తిన్నారు. బొగ్గుల మీద కాల్చిన పందిమాంసం ముక్కలు, తీపీ పులుపూ కలిసిన చేపసాస్ రసం, సన్నటి బియ్యపు సేమియా, గుప్పెడు పచ్చి ఆకులు. అన్నీ ఆ రసంలో ముంచుకుని తినడమే. ఇద్దరి బిల్లూ కలిపి 6 డాలర్లు. అది చెల్లించింది తానేనని బోర్డెయిన్ తర్వాత సరదాగా వెల్లడించారు. ఇప్పుడా బల్ల దగ్గర ఎవరూ తినడానికి వీల్లేదు. హోటల్ వాళ్లు దాన్ని గిన్నెలు, బీరు సీసాలతో సహా అద్దాల పెట్టెలో భద్రపరిచారు.

బల్లనైతే అలా కాపాడుకోవచ్చు. కానీ బున్ చా రుచి బల్లలో లేదు, బొగ్గుల సెగను కనిపెట్టుకుని మాంసం తిరగేసే మనిషి చేతిలో ఉంది. ఆ మనిషిని ఏ పెట్టెలో పెట్టాలి? హనోయ్ నుంచి సింగపూర్ దాకా, పెనాంగ్ నుంచి బ్యాంకాక్ దాకా ఆసియా తిండి నగరాలు ఇప్పుడు ఎదుర్కొంటున్న ప్రశ్న ఇదే.

దీన్ని అందరికంటే ముందు, అందరికంటే పద్ధతిగా పట్టించుకున్నది సింగపూర్. ఆ నగరం రుచి తెలియాలంటే లిటిల్ ఇండియాలోని రేస్‌కోర్స్ రోడ్డులో చేప తలకాయ కూర తినాలి. అరిటాకు మీద అన్నం, పక్కన లోతైన గిన్నెలో పెద్ద స్నాపర్ చేప తల, చింతపండు పులుసులో ఉడికిన బెండకాయ, వంకాయ. చేపల పులుసు తెలిసిన నెల్లూరు, గోదావరి జిల్లాల వారికి మొదటి ముద్దతోనే ఇది దూరపు చుట్టంలా అనిపిస్తుంది. కానీ ఇది భారతదేశం నుంచి యథాతథంగా వెళ్లిన వంటకం కాదు. కేరళ నుంచి వలస వెళ్లిన గోమెజ్ అనే హోటల్ యజమాని 1949 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టారని సింగపూర్ చరిత్రకారులు నమోదు చేశారు. చేప తలను చైనీయులు ఇష్టంగా తింటారని గమనించి ఆయన దాన్ని దక్షిణాది మసాలాలో వండారు. చైనీయుల నాలుకకూ మలబారు పులుసుకూ అలా ఒకే గిన్నెలో పొత్తు కుదిరింది.

సింగపూర్ వంటకాలలో చాలావాటిది ఇలాంటి కథే. హైనాన్ ద్వీపం నుంచి వచ్చినవారు కోడిని మెత్తగా ఉడికించి, అదే నీళ్లలో అల్లం, వెల్లుల్లి వేసి అన్నం వండి చికెన్ రైస్ చేశారు. తమిళ ముస్లింలు చైనా నూడుల్స్‌ను కారంగా వేయించి మీ గోరెంగ్ చేశారు. వీళ్లెవరూ పాకశాస్త్రం చదువుకోలేదు. ఉద్యోగం దొరక్క, చేతిలో పెట్టుబడి లేక, బండి మీద పొయ్యి పెట్టుకున్నవారే ఎక్కువ.

ఆ బండ్లను ప్రభుత్వం మొదట సమస్యగానే చూసింది. మురుగు, ఈగలు, ట్రాఫిక్ జామ్‌లతో విసిగి 1968-69లో వీధి వ్యాపారుల లెక్క తీస్తే సుమారు 18,000 మంది తేలారు. వాళ్లను తరిమేయకుండా నీళ్లు, కరెంటు, మురుగు కాలువలున్న కేంద్రాలు కట్టి, 1971 నుంచి 1986 వరకు విడతలవారీగా వాటిలోకి తరలించారు. అవే నేటి హాకర్ సెంటర్లు. నగరమంతా కలిపి 110కి పైగా ఉన్నాయి. కంపెనీ మేనేజరూ, టాక్సీ డ్రైవరూ ఒకే బల్ల మీద తినే చోటు అది. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో సింగపూర్‌కు దక్కిన మొదటి చోటు అదే.

అంతకు నాలుగేళ్ల ముందే మిషెలిన్ నక్షత్రం హాకర్ కొట్టు మీద వాలింది. 2016లో తొలి సింగపూర్ గైడ్ రెండు కొట్లకు చెరొక నక్షత్రం ఇచ్చింది. ఒకటి 1932లో మొదలైన తాయ్ హ్వా నూడుల్స్ కొట్టు. రెండోది చైనాటౌన్ కాంప్లెక్స్‌లో చాన్ హాన్ మెంగ్ నడిపే సోయాసాస్ కోడి కొట్టు. చాన్ దగ్గర కోడిమాంసం, అన్నం కలిపి ధర 2 సింగపూర్ డాలర్లు. అప్పటి మారకం లెక్కన సుమారు వంద రూపాయలు. ప్రపంచంలో అతి చవకైన మిషెలిన్ భోజనం అంటూ పత్రికలు రాసేశాయి. కొట్టు ముందు క్యూ పెరిగింది, పెట్టుబడి వచ్చింది, విదేశాల్లోనూ శాఖలు వెలిశాయి. 2021 గైడ్‌లో ఆ నక్షత్రం పోయింది. తాయ్ హ్వా కొట్టు మాత్రం తర్వాతి ఏళ్లలోనూ నక్షత్రం నిలుపుకుంది. ఒక మనిషి ఒక పొయ్యి దగ్గర సాధించిన రుచిని పది చోట్ల పరచడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

ఈ కీర్తి వెనుక ఒక అంకె దాక్కుని ఉంది. సింగపూర్ హాకర్ల మధ్యస్థ వయసు 60 ఏళ్ల దరిదాపుల్లో ఉంది. అంటే ఇంచుమించు సగం మంది రిటైర్ కావాల్సిన వయసులోనే ఉన్నారు. తెల్లవారుజామున లేచి కూరగాయలు తరగడం, మధ్యాహ్నం క్యూ తెమిలేదాకా నిలబడే ఉండడం, ఏడాది పొడవునా ఉక్కపోసే నగరంలో గంటల తరబడి మంట ముందు గడపడం వాళ్ల దినచర్య. ఆ పొయ్యి మీద సంపాదనతోనే పిల్లల్ని డిగ్రీలు చదివించారు. డిగ్రీ చదివిన పిల్లలు ఏసీ ఆఫీసుల్లో ఉద్యోగాలు వెతుక్కున్నారు. తల్లిదండ్రులు కోరుకున్నదీ అదే. కాబట్టి ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం.

చిక్కు ధర దగ్గరుంది. చాలా కొట్లలో ప్లేటు ఇప్పటికీ 4 నుంచి 6 సింగపూర్ డాలర్లే. అదే నగరంలో ఒక కాఫీకి అంతకంటే ఎక్కువ ఇచ్చేవాళ్లు హాకర్ దగ్గర 50 సెంట్లు పెరిగితే ముఖం చిట్లిస్తారు. హాకర్ తిండి చవగ్గా ఉండాలన్నది అక్కడ రాజకీయంగానూ సున్నితమైన విషయం. సామాన్యుడి ఖర్చును అదుపులో ఉంచే అప్రకటిత సంక్షేమ పథకం లాంటిది అది. దాని భారం మోస్తున్నది మాత్రం ప్రభుత్వ ఖజానా ఒక్కటే కాదు, తన శ్రమకు జీతం లెక్క వేసుకోని ముసలి హాకర్ కూడా. తొలితరం వాళ్లకు సబ్సిడీ అద్దె ఉంది. కొత్తగా వచ్చేవాళ్లు టెండర్‌లో పాడుకోవాలి. 2024లో ఒక కొట్టుకు నెలకు 10 వేల డాలర్లు దాటి బిడ్ పడింది. సరుకుల ధరా వాళ్ల చేతిలో లేదు. 2022 జూన్‌లో మలేసియా కోళ్ల ఎగుమతి నిలిపేసినప్పుడు, మూడోవంతు కోడిమాంసానికి ఆ దేశం మీదే ఆధారపడ్డ సింగపూర్‌లో చికెన్ రైస్ అమ్మేవారు ఒక్కసారిగా దిక్కులు చూశారు.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కొత్తవారికి శిక్షణ ఇస్తోంది. వారసుడు లేని పాత హాకర్ తన విద్యను బయటివారికి నేర్పి కొట్టు అప్పగించే పథకం పెట్టింది. 2025 జనవరి నుంచి దీర్ఘకాల వీసాపై ఉంటున్న విదేశీయులను సహాయకులుగా పెట్టుకోవడానికి అనుమతించింది. అంతకుముందు ఆ అవకాశం పౌరులకు, శాశ్వత నివాసులకే ఉండేది.

ఈ విషయంలో మలేసియాలోని పెనాంగ్ రాష్ట్రం సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచింది. అక్కడ ప్రతి వీధికీ ఓ పెద్ద వంటకం ఉంది. చింతపండు, చేప, అనాసముక్కలు, పుదీనాతో పుల్లపుల్లగా ఉండే అస్సామ్ లక్సా. వెడల్పు బియ్యపు నూడుల్స్‌ను రొయ్యలు, గుడ్డు, మొలకలతో పెద్ద మంట మీద ఎగరేసే చార్ క్వే టియావ్. రెండోదాన్ని రుచిగా చేయాలంటే ఒకసారికి ఒకే ప్లేటు చేయాలి. మూకుడు నిండా వేస్తే సెగ తగ్గి నూడుల్స్ ఉడికిపోతాయి తప్ప వేగవు. అందుకే మంచి కొట్టు దగ్గర ఎదురుచూపు తప్పదు. అందుకే ఆ వ్యాపారం ఎప్పటికీ ఫ్యాక్టరీ కాలేదు.

ఇలాంటి వంటకాలను విదేశీ వంటవాళ్లు వండితే అసలు రుచి పోతుందన్న వాదనతో పెనాంగ్ ప్రభుత్వం 2016 జనవరి నుంచి వాళ్లపై నిషేధం పెట్టింది. వింత ఏమిటంటే పెనాంగ్ వంటలన్నీ వలస వచ్చినవే. అక్కడ ప్రసిద్ధి చెందిన నాసి కందర్ సంగతే చూడండి. నాసి అంటే అన్నం, కందర్ అంటే కావిడి. తమిళనాడు నుంచి వెళ్లిన ముస్లింలు కావిడికి ఒకవైపు అన్నం కుండ, మరోవైపు కూరలు వేలాడదీసుకుని రేవు కూలీలకు అమ్మేవారు. నాలుగైదు రకాల పులుసులు అన్నం మీద కలిపి పోయించుకోవడమే దాని మజా. అలా కావాలంటే బంజిర్ అనాలి. మలయ్ భాషలో ఆ మాటకు అర్థం వరద. నూరేళ్ల కిందట ఇప్పటి నిషేధమే ఉండి ఉంటే ఆ వరద పారేదే కాదు. పైగా నిషేధం పరాయి చేతిని ఆపగలదు గానీ సొంత పిల్లల్ని పొయ్యి దగ్గరికి రప్పించలేదు.

బ్యాంకాక్‌ది మరో రకం తికమక. 2017 ఏప్రిల్‌లో నగర పాలకులు ఫుట్‌పాత్‌ల మీది తిండి బండ్లను తొలగిస్తామన్నారు. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన తొలి బ్యాంకాక్ మిషెలిన్ గైడ్, కళ్లకు పెద్ద గాగుల్స్ పెట్టుకుని బొగ్గుల మీద పీత ఆమ్లెట్ వేయించే జే ఫాయ్ అనే పెద్దావిడ కొట్టుకు నక్షత్రం ఇచ్చింది. ఆ గైడ్ కోసం థాయ్ పర్యాటక సంస్థ ఐదేళ్లకు 14.4 కోట్ల బాత్‌లు వెచ్చించడానికి ఒప్పుకుంది. ప్రభుత్వంలో ఒక చెయ్యి బండిని ఊడ్చేస్తుంటే మరో చెయ్యి దండ వేసిందన్నమాట. జే ఫాయ్ కొట్టు ముందు విదేశీయుల బారు పెరిగింది. మూకుడు ముందు నిలబడి వండేది మాత్రం అప్పటికే డెబ్బై దాటిన ఆవిడే.

ఈ కథలో హైదరాబాద్‌కూ వాటా ఉంది. హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నగరాన్ని 2019లో యునెస్కో ఆహార రంగంలో సృజనాత్మక నగరంగా ప్రకటించింది. గుర్తింపు పత్రం రాగి డేగిశా, ఇటుక భట్టీ, కట్టెల మంట, గంటల తరబడి వంట అన్నీ వివరిస్తుంది. రంజాన్ రాత్రుల్లో ఆ డేగిశా ముందు నిలబడి రోకలితో మాంసం, గోధుమలు కలిపి దంచే కుర్రాడికి కూలీ ఎంత, మిగతా పదకొండు నెలలు అతని బతుకు ఏమిటి అన్నవి ఆ పత్రం పరిధిలోకి రావు.

చైనాటౌన్ కాంప్లెక్స్‌లోనూ లెక్క అక్కడే తేలాలి. హాకర్ వృత్తిని నిలబెట్టే మార్గాలు వెతకడానికి సింగపూర్‌లో కమిటీలు కూర్చున్నాయి, సిఫార్సులు వచ్చాయి. వాటిలో దేనికీ లొంగని సంగతి ఒకటుంది. ఇరవై ఆరేళ్ల యువతి ఒకరు ఆఫీసు ఉద్యోగం వదిలి నూడుల్స్ కొట్టు పెట్టాలంటే, నెలాఖరుకు ఆమె చేతిలో కనీసం ఆ ఆఫీసు జీతమైనా మిగలాలి. అలా మిగలాలంటే క్యూలో నిలబడ్డవాళ్లు ప్లేటుకు మరో రెండు డాలర్లు ఇవ్వడానికి సిద్ధపడాలి, లేదా అద్దె, సరుకుల ఖర్చులో ఆ మేరకు ప్రభుత్వం భరించాలి. రెండూ జరగకపోతే ఇప్పుడు పొయ్యి దగ్గరున్న వాళ్ల మోకాళ్లు సహకరించినంత కాలమే ఆ రుచి దొరుకుతుంది.