‘మా వాడు’ – ‘మన పిల్లలు’

తార్నాకకు ఆ పేరెట్లు వచ్చినదని అడిగినచో పాతవారు ఒక మాట చెప్పుదురు. పూర్వమిచ్చట తోటల చుట్టును తీగెకంచె ఉండెడిదట. దానియొద్ద ఒక కాపలాచౌకి ఉండెడిదట. తార్ అనగా తీగె, నాకా అనగా చౌకి. తీగె పోయినది, చౌకి పోయినది, పేరు మాత్రము మిగిలినది. ఇప్పుడా కూడలి మీదుగా 2017 నుండి మెట్రో రైలు నడచుచున్నది. ఒకవైపు 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము, మరొకవైపు జాతీయ పోషకాహార సంస్థ. పుస్తకముల సంచితో నడచువారు ఈ వీధులలో కనబడినంతగా మరొకచోట కనబడుట అరుదు.

అట్టి విద్యాక్షేత్రములో, ఒక సందులో, బుద్ధివికాసము మందగించిన పిల్లల కొరకు నడచుచున్న చిన్న బడి ఒకటి ఉన్నది. దాని పేరు చెప్పను. నేను చెప్పదలచినది బడిని గురించి కాదు, ఆ బడి గేటు ముందు నిలిచియుండు తల్లులను గురించి.

నేను కళాశాలలో తెలుగు చెప్పువాడను. విశ్వవిద్యాలయ ప్రాంగణములో ఉదయపు నడక ముగించుకొని ఆ సందుగుండా ఇంటికి మరలుదును. తొమ్మిదిన్నరకు పిల్లలు లోపలికి పోవుదురు. ఒంటిగంటన్నరకు వెలుపలికి వత్తురు. ఉప్పలు నుండి, మల్కాజిగిరి నుండి, నాచారము నుండి వచ్చిన తల్లులకు ఇంటికి పోయి మరల వచ్చుటకు వ్యవధి చాలదు. అందుచేత ఆ నాలుగు గంటలు గేటు ప్రక్కనున్న కానుగచెట్టు క్రిందనే గడిపెడివారు. నన్ను మొదట ఆశ్చర్యపరచినది వారి మౌనము. మామూలు బడి ముందు నలుగురు తల్లులు చేరినచో మార్కులని, ట్యూషనులని ఎంత సందడి! ఇచ్చట పదిపన్నెండుగురు కూర్చుండియు ఒకరితో ఒకరు పలుకరు. చెప్పుకొనుటకు మార్కులు లేవు. ఈ కష్టము లోకములో తనకొక్కతెకే వచ్చినదని ప్రతివారును తలవంచుకొని కూర్చుండిరి. తార్నాకలో తీగెకంచె పూర్తిగా పోలేదని నాకప్పుడు తోచినది.

ఒకనాడు వాన వచ్చినది. టీకొట్టు రేకుల క్రిందికి అందరము చేరితిమి. కుమారుని తీసికొనిపోవుటకు వచ్చిన ఒక తండ్రి, నేను తెలుగు పంతులనని విని, “సారూ, మీ పుస్తకాల మా పిలగాని అసొంటోళ్లకు ఒక మంచి మాట ఉన్నదా?” అని అడిగినాడు. నేను మనసులోనే నిఘంటువు తిరుగవేసితిని. మందుడు, జడుడు, మూఢుడు, మొద్దు, వెర్రివాడు. ముప్పది యేండ్లుగా పాఠము చెప్పుచున్న నేను, జవాబు రాని కుర్రవానిని ‘శుంఠ’ అని ఎన్నిమార్లు పిలిచితినో లెక్కలేదు. ఆనాడా తండ్రికి సమాధానము చెప్పలేకపోతిని. వాన వెలిసినది, ఆయన కుమారుని చేయి పట్టుకొని వెడలిపోయినాడు.

ఆ రాత్రి నాకు పంచతంత్రము జ్ఞప్తికి వచ్చినది. అమరశక్తి అను రాజునకు ముగ్గురు కుమారులు, ముగ్గురికిని చదువబ్బలేదు. విష్ణుశర్మ వారిని ఆరు నెలలలో నీతికోవిదులను చేసినాడు. ఈ కథను మనము తరగతిలో గురువు ప్రతిభకు నిదర్శనముగా చెప్పుదుము. కాని గురువు వచ్చుటకు ముందు రాజు చేసిన పని యేమి? తన బిడ్డల సంగతిని నిండుసభలో దాచక చెప్పినాడు. ఆ మాట అంతఃపురములోనే అణగియుండినచో విష్ణుశర్మ ఆ వాకిట అడుగు పెట్టెడివాడు కాదు. ఆరు నెలల గడువును మాత్రము కథకే వదలివేయవలెను. నేడు అట్టి గడువులు చెప్పి, మందులని, తాయెత్తులని, ఈ తల్లిదండ్రుల వద్ద ధనము గుంజువారు ఊరూర ఉన్నారు. కథలోని ఆరు నెలలు కాదు మనకు కావలసినది, కథలోని సభ.

ఆ సందులో అట్టి సభ ఎట్లేర్పడినదో నేను చూచితిని. తల్లిదండ్రులకు దరఖాస్తులు వ్రాసిపెట్టుటకు ఆ బడివారు నన్ను పిలువగా పోయితిని. అంతకుముందు నెలకొక సమావేశము జరిగెడిదట. బల్లకు ఒకవైపు ఉపాధ్యాయినులు, మరొకవైపు తల్లులు. “మీరు ఇంటిలో అభ్యాసము చేయించుట లేదు” అని వీరు చెప్పుట, వారు తలయూచి పోవుట. క్రమముగా వచ్చువారు నలుగురికి దిగిరి. అప్పుడొక ఉపాధ్యాయిని బల్లను తీయించి, అందరిని చాపల మీద గుండ్రముగా కూర్చుండబెట్టి, ఒక్క ప్రశ్న వేసినది: “ఈ నెలలో మీ బిడ్డ కొత్తగా చేసిన పని ఒకటి చెప్పండి.”

కొంతసేపటికి ఒక తల్లి, “మా వాడు చొక్కా గుండీ తానే పెట్టుకొన్నాడు” అన్నది. ఆ బాలునికి పండ్రెండేండ్లు. ఆ ఒక్క గుండీ వెనుక పదకొండు నెలల శ్రమ ఉన్నది. బంధువులతో ఆ మాట అన్నచో నవ్వెదరు, లేదా జాలిపడెదరు. ఆ చాప మీద కూర్చున్నవారు చప్పట్లు చరచినారు. వెంటనే మరొక తల్లి, “ఎట్లు నేర్పితివి?” అని అడిగినది. ఆమె చెప్పినది: గుండీని సగము దూర్చి, చివర లాగుట మాత్రమే బిడ్డకు వదలవలెను, అది వచ్చిన పిదప దూర్చుట, ఆ పిదప పట్టుకొనుట. పనిని చివరి మెట్టు నుండి వెనుకకు నేర్పవలెనన్న మాట. అట్లు చేసినచో ప్రతిసారియు పని ముగించినవాడు బిడ్డయే అగును. ఈ పద్ధతి ప్రత్యేక విద్యాశాస్త్రములో ఉన్నదే. ఉపాధ్యాయినులు పలుమార్లు చెప్పినదే. కాని “వాళ్ల నాన్న పాత కోటు తీసుకో, దాని గుండీలు పెద్దవి” అని చెప్పినది ఒక తల్లి. శాస్త్రమును ఇంటి గడప దాటించుటకు మరొక తల్లి నోరు కావలసివచ్చినది.

అటుపిమ్మట కానుగచెట్టు క్రింది నాలుగు గంటలకు మాటలు వచ్చినవి. వైకల్య ధ్రువపత్రమునకు ఏ కాగితములు కావలెను? 40 శాతమునకు తక్కువ వ్రాసినచో ఏమి నష్టము? లక్ష రూపాయల వరకు వైద్యవ్యయము భరించు ‘నిరామయ’ బీమాకు ఎట్లు దరఖాస్తు చేయవలెను? బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండిన పిదప సంరక్షకత్వము కొరకు కలెక్టరు అధ్యక్షతనుండు స్థానిక సంఘమునకు ఏమని వ్రాయవలెను? ఒకసారి తిరిగి వచ్చినవారు తక్కినవారికి దారి చెప్పుచున్నారు. అయిదేండ్లుగా పుట్టింటి పెండ్లికైనను పోలేని ఒక తల్లి, బిడ్డను మరొక తల్లి యింట ఒక రాత్రి ఉంచి, చెల్లెలి పెండ్లి చూచి వచ్చినది. ఈ మేలు ఏ ప్రభుత్వ పథకములో వ్రాసియున్నది?

అంతయు సవ్యముగా జరిగినదని చెప్పను. మాటలు వచ్చిన బిడ్డల తల్లులలో కొందరు, మాటలు రాని బిడ్డల సరసన తమవారిని కూర్చుండబెట్టవద్దన్నారు. దుఃఖములో సైతము పంక్తిభేదము! ఆ తగవు ఇప్పటికిని పూర్తిగా తీరలేదు. ఇక తండ్రుల సంగతి. పనిదినములలో వారికి తీరిక లేదు. కొందరికి తీరికయున్నను మనసు లేదు. సమావేశమును ఆదివారమునకు మార్చి, ప్రాంగణములోని చెట్లనీడకు తీసికొనిపోయినారు. మొదటి ఆదివారము ముగ్గురు తండ్రులు వచ్చి, దూరముగా నిలిచి వార్తాపత్రిక చదివినారు. మూడవ ఆదివారమునకు పత్రికలు మడిచినారు. క్రికెట్టు ఆడుచున్న విద్యార్థులు తమ బంతి ఈవైపు వచ్చినప్పుడు తీసికొనిపోవుటకు వచ్చి, ఆ బాలురతో కొంతసేపు ఆడిపోయినారు. వారికి ఎవ్వరును ఉపన్యాసమీయలేదు.

ఇది ఈ సందులో పుట్టిన కొత్త సంగతి అనుకొనరాదు. 1946లో ఇంగ్లండులో జూడీ ఫ్రైడ్ అను తల్లి, తనవంటివారు మరెవరైన ఉన్నారా అని ‘నర్సరీ వరల్డ్’ పత్రికకు లేఖ వ్రాసినది. జవాబులు వచ్చినవి, వాని నుండి పుట్టిన సంఘమే నేడు మెన్‌క్యాప్ అను పేర ప్రసిద్ధమైనది. మన దేశములో 1972లో బొంబాయిలో మస్తిష్క పక్షవాతముగల పిల్లల సంస్థను నెలకొల్పిన మిథూ ఆలూరు అట్టి బిడ్డకు తల్లియే. మద్రాసులో 1985లో విద్యాసాగర్ సంస్థకు అంకురార్పణ చేసిన పూనం నటరాజన్ కూడ తల్లియే.

మన నగరపు పాలు ఇందులో తక్కువ కాదు. సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాసనగరులో 1984లో కేంద్రప్రభుత్వము జాతీయ మానసిక వికలాంగుల సంస్థను స్థాపించినది. 1990 తరువాతి యేండ్లలో దేశము నలుమూలల తల్లిదండ్రుల సంఘములను ఒకచోటికి చేర్చుటలో ఆ సంస్థ ముఖ్యపాత్ర వహించినది. ఆ కృషి ఫలితముగా 1995లో ‘పరివార్’ అను అఖిలభారత తల్లిదండ్రుల సమాఖ్య రూపొందినది. 1999లో పార్లమెంటు నేషనల్ ట్రస్టు చట్టము చేసినప్పుడు, దాని పాలకమండలిలో తల్లిదండ్రుల సంఘములకు స్థానము కల్పించినది. గేటు ముందు నిలిచినవారు చట్టము నడుపు బల్ల వద్ద కూర్చుండిరన్న మాట. మనోవికాసనగరులోని సంస్థ పేరులోనుండి ‘మానసిక వికలాంగులు’ అను మాట కూడ తొలగి, ‘సాధికారత’ అను మాట చేరినది.

ఆ చెట్టు క్రింద విన్న మాటలలో నన్నెక్కువగా కలచినది ఒకటి ఉన్నది: “నేనేం పాపం చేశానో” అనునది. అత్తవారు అనినది, ఇరుగుపొరుగులు అనినది, చివరకు తల్లియే నమ్మినది. 1959లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జెరోం లెజ్యూన్, డౌన్ లక్షణముగల పిల్లల కణములలో 46 క్రోమోజోములకు మారు 47 ఉండునని ప్రకటించినాడు. అదనముగానున్నది 21వ క్రోమోజోము. అది తల్లి చేసిన పాపము కాదు, గ్రహణమునాడు చేసిన పొరపాటు కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన జన్యురోగముల సంస్థ బేగంపేటలోనే ఉన్నది. విజ్ఞానము మన వాకిట ఉన్నది. కాని వైద్యుడు పది నిమిషములలో చెప్పిన సత్యము తల్లి గుండెలోనికి దిగుటకు, అదే సత్యమును అంగీకరించిన మరొక తల్లి ప్రక్కన కూర్చుండవలెను.

ఇక ఈ పత్రిక చదువు ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తించగా, 2016 నాటి చట్టము ఇరువదియొకటింటిని గుర్తించినది. నిర్ణీత ప్రమాణమున వైకల్యముగల బాలబాలికలకు ఆరేండ్ల నుండి పదునెనిమిదేండ్ల వరకు, తమ సమీపములోని బడిలోగాని, తాము కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కును ఆ చట్టము ఇచ్చినది. అట్టి బిడ్డ రేపు మీ తరగతికి రావచ్చును. వచ్చినప్పుడు తల్లిని గుమ్మము వద్దనే నిలిపి లోపములు లెక్కపెట్టవద్దు. కూర్చుండుమని చెప్పి, బిడ్డకు వచ్చిన పని ఒకటి అడుగుడు. మీ ఊరిలో అట్టి తల్లి మరొకతె యున్నచో ఇద్దరిని కలుపుడు. విద్యార్థులారా, మీ తోటివాడు మెల్లగా నేర్చునప్పుడు మీ నోట వచ్చెడి మాటను ఒకసారి నాలుక మీదనే ఆపి చూడుడు. నా వయసు వచ్చువరకు ఆగవద్దు.

ఆ తండ్రి ప్రశ్న ఏమైనదని అడుగుదురేమో. చట్టము ‘మేధోవైకల్యము’ అనుచున్నది. మర్యాదయైన మాటయే; కాని బిడ్డను ఆ మాటతో ఎవరు పిలుతురు? సమాధానము నాకు నిఘంటువులో దొరకలేదు, ఒక ఆదివారము ప్రాంగణములో దొరకినది. ఇంటికి మరలువేళ పిల్లలను లెక్కించుచు ఆ తండ్రియే, “మన పిల్లలు అందరు వచ్చిండ్రా?” అని కేక వేసినాడు. మన భాషలో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ఎదుటివానిని వెలుపల నిలిపినచో ‘మా’, కలుపుకొన్నచో ‘మన’. ఎందరికో వ్యాకరణములో ఈ భేదము చెప్పితిని. దాని బరువు ఆనాడు తెలిసినది.

“మా తరువాత మా వానికి ఎవరు?” అని ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు రాత్రివేళ తమలో తాము అడుగుకొందురు. ‘మా’ అన్నంతవరకు ఆ ప్రశ్నకు జవాబు లేదు. ‘మన పిల్లలు’ అని పదిమంది అన్నప్పుడు, జవాబు పూర్తిగా దొరకకపోయినను, వెదకువారు పదిమంది అగుదురు. వచ్చే ఆదివారము వారి సభలో చర్చకు పెట్టినది ఆ ప్రశ్నయే. దరఖాస్తులు వ్రాయుటకు నన్ను కూడ రమ్మన్నారు. పోవుచున్నాను.