పెట్రోలులో ఎథనాలు

2025 సంవత్సరమున మన దేశమున పెట్రోలునందు నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపుట ఆచరణమునకు వచ్చినది. చెఱకు, మొక్కజొన్న పండించు రైతునకు గిరాకి పెరుగుటయు, విదేశపు చమురునకై వెచ్చించు ధనము తగ్గుటయు మాకు సమ్మతమే. కాని పాత కారు గలవాని మాట యేమి?

ఎథనాలునందలి ఉష్ణశక్తి పెట్రోలుకంటె సుమారు మూడవవంతు తక్కువ. తొలుత శుద్ధమైన పెట్రోలునకు నిర్మించి, పిమ్మట 10 పాళ్ల మిశ్రమమునకు సరిచేసిన కార్లు లీటరునకు నడచు దూరము నూటికి 6, 7 వంతులు తగ్గునని నీతి ఆయోగ్ 2021 నివేదికయే అంగీకరించినది. మఱియు ఎథనాలు తేమను పీల్చును. తగని రబ్బరు గొట్టములను, సీళ్లను చెఱచును. నెలలతరబడి కదలని బండిలో నీరు వేఱై అడుగున చేరి తుప్పు పట్టించును. ఇంజను ఒకనాట చెడునని భయపడ నక్కఱలేదు. చెఱుపు మెల్లగా వచ్చును, మరమ్మతు ఖర్చు యజమానిపై పడును.

లాభము దేశమునకు, నష్టము పాత బండివానికి అగుట న్యాయము గాదు. బంకులందు 10 పాళ్ల మిశ్రమమును గూడ విక్రయింపవలెను; లేనిచో శక్తి తగ్గినమేరకు ధర తగ్గింపవలెను. తెలిసి యెంచుకొను స్వేచ్ఛ కొనువానికి ఉండవలెనని మేము కోరుచున్నాము.