నల్ తనిఖీ

మొబైల్ అనువర్తనాల ప్రోగ్రామింగులో, ఒక మెథడ్‌కు అందిన పరామితిలో నిజంగా విలువ ఉన్నదా లేదా అని వాడుకకు ముందే పరీక్షించుటను నల్ తనిఖీ అంటారు. నల్ అనగా సున్నా కాదు, ఖాళీ పదమూ కాదు. ఆ పేరు ఏ వస్తువునూ సూచించుట లేదని అర్థం. పరీక్షలో సున్నా మార్కులు రావడం వేరు, పరీక్షకే హాజరు కాకపోవడం వేరు.

నల్ సూచికను బ్రిటిషు శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యు భాష కొరకు ప్రవేశపెట్టాడు. అది తాను చేసిన వంద కోట్ల డాలర్ల పొరపాటని 2009లో ఆయనే చెప్పుకున్నాడు.

జావా భాషలో
జావాలో వ్రాసిన ఆండ్రాయిడ్ అనువర్తనంలో నల్‌పై ఏదైనా మెథడ్‌ను పిలిస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ పుడుతుంది. దానిని ఎక్కడా పట్టుకోకపోతే అనువర్తనం ఆగిపోతుంది. చిక్కేమిటంటే ఆగిన చోటు ఒకటి, తప్పు జరిగిన చోటు మరొకటి. ఒక మెథడ్ వినియోగదారు పేరును పరీక్షించకుండా తీసుకొని దాచుకుంటే, ఎంతోసేపటికి వేరే తెర తెరచినపుడు అనువర్తనం కూలుతుంది; ఆ నల్‌ను పంపినదెవరో లోప నివేదికలో కనబడదు. అందుకే జావా 7 (2011)లో వచ్చిన రిక్వైర్ నాన్ నల్ వంటి మెథడ్‌తో పరామితిని గుమ్మం దగ్గరే పరీక్షిస్తారు. అనువర్తనం అప్పుడూ ఆగుతుంది, కాని తప్పుడు పిలుపు వద్దనే ఆగుతుంది.

నల్ వస్తే ఏమీ చేయకుండా వెనుదిరగమని ప్రతి మెథడ్‌లోనూ వ్రాసేవారున్నారు. ఇది తరచుగా కూలిపోవడం కంటే హానికరం. వివరాలను భద్రపరచే మీట నొక్కిన వ్యక్తికి దోషమేదీ కనబడదు, వివరాలు మాత్రం భద్రం కావు.

కాట్లిన్ భాషలో
2017లో గూగుల్ ఆండ్రాయిడ్‌కు అధికారికంగా స్వీకరించిన కాట్లిన్‌లో, రకం పేరు తరువాత ప్రశ్నార్థకం ఉంటేనే పరామితి నల్ కావచ్చు. అట్టి పరామితిని పరీక్షించకుండా వాడితే కంపైలరు ఒప్పుకోదు. అయితే జావా నుండి వచ్చే విలువలపై ఈ కాపలా పూర్తిగా పనిచేయదు.

సర్వీసులోని ఆన్ స్టార్ట్ కమాండ్ మెథడ్ ఇందుకు చక్కని ఉదాహరణ. మెమరీ చాలక వ్యవస్థ తొలగించిన సర్వీసు, స్టార్ట్ స్టికీ పద్ధతిలో తిరిగి మొదలైనపుడు, వేచి ఉన్న పిలుపులేవీ లేకపోతే ఇంటెంట్ పరామితి నల్‌గా వస్తుంది. దానిని ప్రశ్నార్థకం లేకుండా ప్రకటిస్తే, తయారీదారుని ఫోనులో నెలల తరబడి పనిచేసిన అనువర్తనం, మెమరీ తక్కువగల ఫోనులో మెథడ్ మొదటి వరుసైనా నడవకముందే ఆగిపోతుంది. ఇక్కడ నల్ రావడం దోషం కాదు. రాదని ప్రకటించుటే దోషం.

ఐఫోనులో
2014లో వచ్చిన స్విఫ్ట్ భాషలో నల్‌ను నిల్ అంటారు. ఆప్షనల్ రకపు పరామితిని గార్డ్ వాక్యంతో మొదటనే పరీక్షించవచ్చు. ఆశ్చర్యార్థకంతో బలవంతంగా విప్పితే, నిల్ ఉన్నపుడు అనువర్తనం తక్షణమే ఆగుతుంది. కాట్లిన్‌లోని జంట ఆశ్చర్యార్థకాల సంగతీ ఇంతే. కంపైలరు నోరు మూయించుటకు చాలామంది ఆశ్రయించేది ఈ గుర్తులనే.