ఫోటోకి కార్బైడ్ పెట్టొద్దు: ఫోన్ ఫోటోగ్రఫీ, ఎడిటింగ్ మొదటి పాఠం

"అన్నా, ఫోటోగ్రఫీ నేర్చుకుందామనుకుంటున్నా, ఏ కెమెరా కొనాలి?" నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. నా జవాబు ఏమిటంటే, ఇప్పుడే ఏమీ కొనకండి. మీ జేబులో ఉన్న ఫోన్ చాలు. దానితో పాటు ఒక మామిడిపండు, ఒక తెల్లకాగితం ఉంటే ఈ రోజు పాఠం మొత్తం చేసేయొచ్చు.

మామిడిపండే ఎందుకంటే, మాది ఉంగుటూరు. ఇక్కడి నుంచి నూజివీడు వైపు బండి తీస్తే దారి పొడవునా మామిడి తోటలు కనిపిస్తాయి. ఎండాకాలం వచ్చిందంటే మా వైపు కుర్రాళ్ల వాట్సాప్ స్టేటస్ నిండా బంగినపల్లి, రసాల ఫోటోలే. నాన్న తోటలో కాసిన కాయని నేరుగా హైదరాబాద్‌కో, బెంగళూరుకో డబ్బాల్లో పంపి అమ్ముకుందామని చూసేవాళ్లు ఉన్నారు. కొనేవాడు ఆ పండుని పట్టుకుని చూడలేడు, వాసన చూడలేడు. వాడికి ఉన్న ఆధారం ఒక్క ఫోటోనే. అంటే ఇక్కడ ఫోటో లైకుల కోసం కాదు, అదొక మాట ఇవ్వడం లాంటిది. డబ్బా విప్పిన రోజున ఆ మాట నిలబడాలి.

కెమెరా లోపల జరిగేది

నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి కొంచెం లోపలికి వెళ్తా, భయపడకండి. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ శాసన్ అనే ఇంజినీరు మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. దాని బరువు మూడున్నర కిలోల పైనే. నిలువుకి 100, అడ్డానికి 100 చుక్కలున్న బ్లాక్ అండ్ వైట్ బొమ్మని క్యాసెట్ మీద రికార్డు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. ఇవాళ మీ ఫోన్ కోట్ల చుక్కల బొమ్మని రెప్పపాటులో తీస్తోంది. కానీ మూలసూత్రం మాత్రం అదే. వెలుతురుని కొలిచి అంకెలుగా రాసుకోవడం.

మామూలు జేపెగ్ ఫోటోలో ప్రతి చుక్కకి మూడు అంకెలు ఉంటాయి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు, అంతే. 255 దాటి రాయడానికి చోటు లేదు.

మాగిన బంగినపల్లి తొక్క మీద ఒక చుక్క తీసుకుందాం. ఉదాహరణకి ఎరుపు 230, ఆకుపచ్చ 170, నీలం 40 అనుకోండి. అంటే నిండైన పసుపు, కాస్త నారింజ వైపు. ఇప్పుడు ఫోటో మరీ వెలుగ్గా వచ్చింది, మూడు అంకెలూ దాదాపు ఒకటిన్నర రెట్లు అవ్వాలి. ఎరుపు 345 కావాలి, కానీ 255 దగ్గరే గోడ తగిలి ఆగిపోతుంది. ఆకుపచ్చ మాత్రం 255 దాకా ఎక్కేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ సమానమైతే వచ్చేది నిమ్మపండు రంగు. చూశారా, మనం ఏ రంగూ మార్చలేదు, వెలుతురు ఎక్కువైంది అంతే. మామిడిపండు కాస్తా నిమ్మపండు అయిపోయింది. తొక్క మీది సన్నటి చుక్కలు కూడా మాయమై ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. క్లిప్ అయిపోయిన వివరాన్ని ఏ యాప్ కూడా వెనక్కి తేలేదు. కాబట్టి సగం ఎడిటింగ్ ఫోటో తీసేటప్పుడే అయిపోవాలి.

తీసేటప్పుడు ఐదు పనులు

ఒకటి, లెన్స్ తుడవండి. జేబులో, చేతిలో నలిగిన ఫోన్ లెన్స్ మీద జిడ్డు ఉంటుంది. ఫోటో మసకగా, పొగమంచు పట్టినట్టు రావడానికి చాలాసార్లు కారణం అదే. మెత్తటి నూలుగుడ్డ చాలు.

రెండు, చోటు మార్చండి. అందరూ చెట్టు కిందే పండు పెట్టి ఫోటో తీస్తారు. తోట బాగా కనిపిస్తుంది, నిజమే. కానీ మామిడాకుల గుండా వడకట్టుకుని వచ్చే వెలుతురులో పచ్చదనం కలుస్తుంది. అది పండు మీద పడి పసుపుని పసరు రంగులోకి లాగుతుంది. మధ్యలో ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు వేరే. అందుకని తోట ఫోటో తోటలో తీసుకోండి, పండు ఫోటో మాత్రం ఇంటి పంచలోనో, అరుగు మీదో తీయండి. నేరుగా ఎండ తగలకూడదు, ఆకాశం వెలుతురు మాత్రం బాగా పడాలి. ఒకవైపు నీడ మరీ నల్లగా ఉంటే ఆ పక్కన తెల్ల తువ్వాలు పట్టుకోండి. స్టూడియోలో రిఫ్లెక్టర్ చేసే పని అదే చేసేస్తుంది.

మూడు, ఎక్స్‌పోజర్ మీరే పెట్టండి. ఫోన్‌కి మామిడిపండు అని తెలియదు. బొమ్మలో సగటు వెలుతురు ఎంత అని చూస్తుంది. వెనక ముదురాకులు, నల్ల గోనెసంచి ఉంటే "అయ్యో, చీకటిగా ఉంది" అనుకుని మొత్తం వెలుగు పెంచేస్తుంది, పసుపు కాస్తా కాలిపోతుంది. స్క్రీన్ మీద పండు ఉన్నచోట వేలితో తాకండి. చాలా ఫోన్లలో అలాగే నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది, పక్కనే సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కొంచెం కిందికి జరపండి. తొక్క మీద చుక్కలు కనపడేదాకా తగ్గించండి. కొంచెం చీకటిగా వచ్చిన ఫోటోని తర్వాత పైకి లేపొచ్చు, కాలిపోయినదాన్ని ఏం చేయలేం.

నాలుగు, వెలుతురు తక్కువైతే ఫోన్‌ని కదలకుండా ఆనించండి. చాలా ఫోన్లలో లెన్స్ రంధ్రం పరిమాణం మారదు. కాబట్టి ఫోన్ చేతిలో ఉన్నవి రెండే: షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలి, ఐఎస్ఓ ఎంత పెంచాలి. షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే చెయ్యి వణికి ఫోటో అలుక్కుపోతుంది. ఐఎస్ఓ పెంచడం మైకు వాల్యూమ్ పెంచడం లాంటిది, మాటతో పాటు గుయ్యిమనే చప్పుడూ పెరుగుతుంది. ఫోటోలో ఆ చప్పుడే ఇసక చల్లినట్టు కనిపించే నాయిస్. ఇటుక మీదో, స్టూలు మీదో ఫోన్ ఆనిస్తే సగం సమస్య తీరిపోతుంది.

ఐదు, మరీ దగ్గరికి వెళ్లొద్దు. పండుకి జానెడు దూరంలో ఫోన్ పెట్టి తీస్తే ముందున్న కాయ పెద్దగా, వెనకవి చిన్నగా కనిపిస్తాయి. చిన్న కాయ కూడా కొబ్బరిబోండాం అంత అవుతుంది! రెండడుగులు వెనక్కి వెళ్లండి. మీ ఫోన్‌కి 2ఎక్స్ లెన్స్ ఉంటే అది వాడండి. లేకపోతే వెనక్కి జరిగి తీసి, తర్వాత క్రాప్ చేసుకోండి. కాయ పక్కన చెయ్యి పెట్టి ఒక ఫోటో తీస్తే సైజు గురించి కొనేవాడికి అనుమానమే ఉండదు.

ఎడిటింగ్ వరుస

స్నాప్‌సీడ్ కానీ, లైట్‌రూమ్ మొబైల్ కానీ ఏదైనా పర్లేదు. యాప్ కంటే వరుస ముఖ్యం. చాలామంది ముందు ఫిల్టర్ వేసి తర్వాత దిద్దుతారు. గోడకి సున్నం వేశాక పగుళ్లు పూడ్చినట్టు ఉంటుంది అది.

ముందు క్రాప్. తర్వాత వైట్ బ్యాలెన్స్. ఇక్కడే మన తెల్లకాగితం పనికొస్తుంది. పండు పెట్టిన చోటే, అదే వెలుతురులో, పక్కన కాగితం పెట్టి ఒక ఫోటో తీసి ఉంచుకోండి. యాప్‌లో వైట్ బ్యాలెన్స్ కింద రంగు ఎంచుకునే డ్రాపర్ గుర్తు ఉంటుంది. దాన్ని కాగితం మీద పెడితే, "ఇది తెలుపు" అని యాప్‌కి చెప్పినట్టు. మిగతా రంగులన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. కాగితం కూడా వెలుతురుకి కాలిపోకుండా చూసుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

తర్వాత ఎక్స్‌పోజర్, హైలైట్స్, షాడోస్. చివర్లో, అవసరమైతేనే, శాచురేషన్. మొదట్లో అందరి వేలూ శాచురేషన్ మీదకే పోతుంది, ఎందుకంటే తేడా వెంటనే కనిపిస్తుంది కాబట్టి. కానీ దాన్ని ఎక్కువ పెంచితే మళ్లీ అదే 255 గోడ తగులుతుంది.

ఇంకొకటి, ఎడిట్ చేసేముందు ఫోన్‌లో ఐ కంఫర్ట్, నైట్ లైట్ ఆపేయండి. స్క్రీన్ కలర్ మోడ్ వివిడ్‌లో ఉంటే నేచురల్‌కి మార్చండి. లేకపోతే పసుపు కళ్లద్దాలు పెట్టుకుని రంగులు చూస్తున్నట్టే. చివరి పరీక్ష ఏంటంటే, అసలు పండుని పగటి వెలుతురులో ఫోన్ పక్కనే పట్టుకుని చూడండి. రెండూ ఒకటే అనిపిస్తే ఆపేయండి. ఫోటోలోదే అందంగా ఉందనిపిస్తే, రెండడుగులు వెనక్కి వేయండి.

ఎక్కడ ఆగాలి

ఎడిటింగే మోసం అని నేను అనడం లేదు. గాజు నెగెటివ్‌ల కాలం నుంచే స్టూడియోల్లో పెన్సిల్‌తో, బ్రష్‌తో రీటచింగ్ చేసేవాళ్లు. సికింద్రాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ స్టూడియో నడిచిన రోజులు అవే. కానీ పోర్ట్రెయిట్‌లో తన మొహం తనకి తెలుసు. మొటిమ తీసేయమని అడిగేది కూడా తనే. పండు విషయంలో కొనేవాడికి అసలు పండు ఎలా ఉందో తెలియదు. అందుకే నా హద్దు ఇది: వెలుతురు చేసిన తప్పు దిద్దొచ్చు, గుడ్డ మీద దుమ్ము తీసేయొచ్చు. పండు మీద ఉన్న సొన మచ్చని హీలింగ్ టూల్‌తో తుడిచేయకూడదు. ఆ మచ్చ పండుది, కెమెరాది కాదు.

కార్బైడ్ సంగతి మీకు తెలుసు. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం మన దేశంలో నిషేధం. ఆహార భద్రత నిబంధనల్లో 2011 నుంచీ ఉంది. దానితో పైన పసుపు తొందరగా వస్తుంది, లోపల మాత్రం పులుపు అలాగే ఉండిపోవచ్చు. శాచురేషన్ పెంచిన ఫోటో చేసేది కూడా అదే పని కదా? పైకి రంగు వస్తుంది, లోపల మార్పు ఏమీ ఉండదు.

దీనివల్ల నష్టపోయేది నిజాయితీగా అమ్మేవాడే. దూరం పంపే కాయ సాధారణంగా గట్టిగా, ఇంకా పచ్చదనం ఉండగానే డబ్బాలోకి వెళ్తుంది. ఇంట్లో వరిగడ్డిలోనో, కాగితాల్లోనో పెడితే కొన్ని రోజులకి మాగుతుంది. కానీ ఫోటోలో పచ్చటి పసుపు చూసినవాడు డబ్బా విప్పగానే "పచ్చికాయలు పంపాడు" అంటాడు. అన్ని ఫోటోలూ ఒకేలా మెరిసిపోతుంటే, పండంటే అలాగే ఉండాలని కొనేవాళ్లు అనుకుంటారు. ఆ రంగు కోసం కార్బైడ్ వైపు చూసేవాళ్లు ఇంకా పెరుగుతారు. అందుకే రెండు ఫోటోలు పెట్టండి. డబ్బాలో పెట్టిన రోజు కాయ ఒకటి, మాగిన పండు ఒకటి. కింద ఏది ఏ రోజు తీసిందో రాయండి. అంతకంటే మంచి ప్రకటన లేదు.

పంపేటప్పుడు ఒక జాగ్రత్త. వాట్సాప్ మామూలుగా ఫోటోని కుదించేస్తుంది, హెచ్‌డీ ఆప్షన్ పెట్టి పంపండి. డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ ఫైలే వెళ్తుంది, కానీ అందులో మీరు ఫోటో తీసిన లొకేషన్ కూడా ఉండొచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపి ఉంచుకోండి, ముఖ్యంగా ఇంట్లో తీసే ఫోటోలకి.

ఈ వారం హోంవర్క్. ఒకే పండు, ఒకే చోటు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఐదింటికి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద, నాలుగు ఫోటోలు తీయండి. ఏ ఎడిటింగూ వద్దు. నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే పండు నాలుగు రంగుల్లో ఎందుకు వచ్చిందో మీకే అర్థమవుతుంది. సీజన్ కాకపోతే అరటిపండు తీసుకోండి, పాఠం మారదు. వచ్చే ఎపిసోడ్‌లో మనుషుల ఫోటోలు, చామనఛాయని తెల్లగా మార్చేసే బ్యూటీ మోడ్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి, బై.